పట్టాలు తప్పించు యంత్రము

మా విజయనగరములో పట్టాలు తప్పుట యనగా అపాయమే. హౌరా మార్గమును రాయపూరు మార్గమును కలియు జంక్షనులో ఆ మాట చెవినబడినంతనే గుండె జల్లుమనును. అయితే సైకిలు వెనుక ఇరుసు క్రింద వ్రేలాడుచు, చైనును ఒక పళ్లచక్రమునుండి వేరొకదానిపైకి నెట్టు చిన్న యంత్రమునకు ఫ్రెంచివారు పెట్టిన ‘డిరైలర్’ అను పేరునకు పట్టాలు తప్పించునది యనియే యర్థము.

ఫ్రాన్సులోని సాంతెత్యెన్ నగరమున పోల్ ద వివీ యనునతడు గత శతాబ్దారంభముననే గేర్ల సైకిలును చాటుచుండగా, టూర్ ద ఫ్రాన్స్ పందెమును నెలకొల్పిన ఆంరీ దెగ్రాంజ్, గేర్లు 45 ఏండ్లు దాటినవారికి తగినవని యీసడించెను. 1937లో ఆ పందెమున డిరైలర్‌కు అనుమతి లభించువరకు జట్ల పందెగాండ్రు కొండమొదట దిగి, వెనుకచక్రమును ఊడదీసి, త్రిప్పి, ఆవలిప్రక్కనున్న పెద్ద పళ్లచక్రమునకు చైను తగిలించుకొనవలసి వచ్చెడిది. 1964లో జపానువారి సన్‌టూర్ డిరైలర్ చేతిని ఏటవాలుగా అమర్చి, చైనును నడిపించు దాని చిన్న జాకీ చక్రము ప్రతి పళ్లచక్రమునకును ఇంచుమించు సమదూరమున నడచునట్లు చేసెను. 1984లో షిమానో టిక్కు టిక్కున మారు మీటను స్థిరపరచెను.

నా సైకిలునకు 11 మొదలు 28 పళ్ల వరకు గల క్యాసెట్టు, అనగా వెనుక పళ్లచక్రముల గుత్తి, ఉండెడిది. శ్రీకాకుళము పోవు బాటకు అది చాలును గాని, సాలూరు దాటి సుంకి వైపు ఘాటు రోడ్డెక్కునప్పుడు మోకాళ్లు మొరపెట్టగా, 34 పళ్ల దానిని తెప్పించి, పాత డిరైలర్‌తోనే బిగింపుమంటిని. “పదకొండు గేర్లకి పదకొండు గేర్లే కదా బాబూ, ఏటవుద్ది?” అని మేస్త్రి నవ్వెను, నేనును అట్లే యనుకొంటిని. మొదటి మెట్టయందే పై జాకీ చక్రము పెద్ద పళ్లచక్రమును ఒరసికొని కరకరలాడసాగెను. దూరమును సరిచేయు మరను ఎంత త్రిప్పినను ఆ రొద తగ్గలేదు.

గేర్ల సంఖ్య కలియుట మీట లాగు తీగ కొలతకు సంబంధించిన సంగతి. (అందును మోసము లేకపోలేదు: షిమానో 10 గేర్ల రోడ్డు మీటకు అదే షిమానో 10 గేర్ల కొండసైకిలు డిరైలర్ పొసగదు, టిక్కునకు లాగు తీగ వేరు.) క్యాసెట్టు మార్చువాడు చూడవలసినవి వేరు. డిరైలర్ అందుకొనగల పెద్ద చక్రమెంత? నాదానికి 30 పళ్లు. మ్రింగగల చైను వదులెంత? 35. ముందరి చక్రముల భేదము 50లో 34 పోగా 16. వెనుక భేదము 28లో 11 పోగా 17. మొత్తము 33 గనుక ఇన్నాళ్లు బండి సుఖముగా నడచెను. క్రొత్తదానితో వెనుక భేదము 23, మొత్తము 39. ఇక చైనును పొడవుగా నుంచినచో రెండు చిన్న చక్రములపై జారి వ్రేలాడును. కురచ చేసినచో రెండు పెద్ద చక్రములపై బిగిసి డిరైలర్‌నే పెరికివేయును. జాకీ చక్రములు రెంటిని మోయు కేజ్ పొడవైనకొలది ఈ వదులును ఎక్కువగా మ్రింగును. ముందర ఒక్క చక్రమే గలవారికి వెనుక భేదము మాత్రమే లెక్కకు వచ్చును, వారు అదృష్టవంతులు.

పొడుగు కేజ్ డిరైలర్ బిగించిన పిమ్మట, మేస్త్రి చైనును పెద్దదానినుండి పెద్దదానిపైకి వేసి, కేజ్‌లో ఇంకను కొంత వంపు మిగిలినదా యని వంగి చూచెను. ఇప్పుడాయన ఎవరి క్యాసెట్టు వచ్చినను, ఒక పంటిపై సుద్దముక్కతో గీత పెట్టి, చక్రమును మెల్లగా త్రిప్పుచు పళ్లు లెక్కించుచున్నాడు.