ఇంగ్లీషు భాషలో మన జగన్నాథుడు

ఇంగ్లీషు పత్రికలలో 'జగర్నాట్' అను మాట తరచుగా కానవచ్చుచుండును. అడ్డము వచ్చినదాని నెల్ల నలగద్రొక్కుచు, ఎవ్వరికిని ఆపశక్యము గాక సాగిపోవు శక్తికి ఆ పేరు. యుద్ధమున ఎదురులేక నడచు సేనను, ఎన్నికలలో తిరుగులేని పక్షమును ఈ మాటతోనే వర్ణింతురు. బ్రిటనులో మిక్కిలి పెద్ద లారీలను సైతము ఇట్లే పిలుతురు. ఈ మాట మన పూరీ జగన్నాథస్వామి పేరే. లోకమును కాచు నాథుని పేరు లోకమును త్రొక్కుదానికి ఎట్లు వచ్చెనో విన్నవించెదను.

మనలో పెక్కురు పూరీ రథయాత్రను చూచియే యుందురు. జగన్నాథుని నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర రథమునకు 12. నందిఘోషము సుమారు 45 అడుగుల యెత్తు. ఏటేట క్రొత్త కఱ్ఱతో రథములు కట్టుదురు. వేలకొలది జనులు మోకులు పట్టి లాగుదురు. అంత బరువును కదల్చుట యెంత కష్టమో, కదలిన పిమ్మట నిలుపుట యంత కష్టము. క్రిక్కిఱిసిన ఆ గుంపులో కాలు జారినవానికి తప్పుకొన చోటుండదు.

14వ శతాబ్దమున ఓడొరిక్ అను ఇటలీ సన్న్యాసి, భక్తులు రథచక్రముల క్రింద పడి ప్రాణములు విడుతురని తన యాత్రాకథలో వ్రాసెను. ఆయన చెప్పినది పూరీని గూర్చి కాదు. దక్షిణమున తోమా మహాత్ముని సమాధి యున్న సీమను గూర్చి. అయినను ఆ కథ ఐరోపాలో పాతుకొనెను. 1806లో క్లాడియస్ బుకానన్ అను క్రైస్తవ బోధకుడు పూరీకి వచ్చి, ఒక యాత్రికుడు చక్రముల క్రింద పడి చచ్చుట చూచితినని 1811లో అచ్చువేసిన గ్రంథమున వ్రాసెను. దానితో ఆ పేరు ఇంగ్లీషువారి యిండ్లలో క్రూరత్వమునకు గుర్తయ్యెను.

ఆ చావు కల్ల యని నేననను. కాని దానిని సరిగా తూచినవారును ఇంగ్లీషువారిలోనే యున్నారు. ఒరిస్సాలో ఉద్యోగము చేసిన స్టెర్లింగు, తాను నాలుగేండ్లు రథయాత్ర చూడగా అట్టివి మూడే జరిగెననియు, అందొకటి ప్రమాదమే కావచ్చుననియు, తక్కినవారు తీరని రోగముతో బాధపడినవారనియు వ్రాసెను. 1872లో హంటరు, ఆత్మహత్య వైష్ణవధర్మమునకే విరుద్ధమని స్పష్టముగా తెలిపెను. ఈ మాటలు గ్రంథములలో నిలిచిపోయినవి. భయము గొలుపు కథ వాడుకలో నిలిచినది.

ఇందు మన సీమవారికి మఱియొక సంబంధము కలదు. నేటి పూరీ గుడిని 12వ శతాబ్దమున కట్టింప నారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టమెక్కినది కళింగనగరమున. అది శ్రీకాకుళము జిల్లాలో వంశధార యొడ్డున నున్న ముఖలింగమే. అచ్చటి శాసనములను పరిశోధించినవారిలో మన గిడుగు రామమూర్తి పంతులుగా రొకరు. లండను పత్రికలో నేడు కనబడు ఆ మాటకు మూలమైన గుడిని తలపెట్టినది మన యేటియొడ్డున ఏలిన రాజని చెప్పవచ్చును.

విజయనగరమున పైడితల్లమ్మ సిరిమానోత్సవమును తలచుకొనుడు. ఆకాశమున కెత్తిన మానుకొనపై పూజారి కూర్చుండును. దాని సంగతి యెఱుగని పరదేశి ఒక్కసారి చూచి, ఇది శిక్షయని వ్రాసికొనిపోయిన, ఆ వ్రాతను మనమెట్లు దిద్దగలము? తెలిసినవారు తెలియజెప్పకున్నచో తెలియనివారి మాటయే మిగులును.

ఇంగ్లీషువారి వాడుకను మనము మార్పజాలము. మార్ప నక్కఱయు లేదు. కాని చదువుకొను మీ మనుమలు ఈ మాటకు అర్థమడిగినపుడు నిఘంటువులోని యర్థముతో నిలువక, వంశధార మొదలు పూరీ వఱకు గల యీ వృత్తాంతమునుగూడ చెప్పుడు.