సత్తు పడవ, కట్టుమరం

అల్యూమినియానికి తెలుగు వంటింట్లో రెండు మారుపేర్లున్నాయి. కొన్ని ఊళ్లలో అది సత్తు, మరికొన్ని ఊళ్లలో సిల్వరు. రెండూ తప్పే. సత్తు అసలు తగరం జాతి మిశ్రమలోహం పేరు. సిల్వరు తపేలాలో వెండి రవ్వంత కూడా ఉండదు. కొత్త లోహం సంతకొచ్చినప్పుడు దానికో పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేక, పోలిక దొరికిన పాత లోహం పేరే తగిలించారు. ప్రపంచానికి ఆ చివర ఆస్ట్రేలియాలోనూ ఇదే జరిగింది. అక్కడ చిన్న అల్యూమినియం పడవను ‘టిన్నీ’ అంటారు. బీరు డబ్బాకూ అదే పేరు. అమెరికా చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు ‘టిన్ బోట్’ అంటారు. టిన్ అంటే తగరం. ఆ పడవల్లో తగరమూ లేదు.

ఈ పేర్లలో సగం వెక్కిరింపు, సగం ముద్దు. వెక్కిరింపుకు కారణాలు చెవికీ చేతికీ తెలుస్తాయి. అల తగిలినప్పుడల్లా పడవ ఖాళీ డబ్బాలా మోగుతుంది. మధ్యాహ్నం ఎండలో బల్ల మీద కూర్చుంటే కాలుతుంది. రాయికి ఒరుసుకుంటే కర్రలా జారిపోదు, పట్టుకుపోతుంది. సొట్ట పడితే ఆ సొట్ట జన్మంతా ఉంటుంది. ముద్దుకు కారణం ఒక్కటే చాలు: ఒడ్డున బోర్లించి రెండేళ్లు వదిలేసినా తిప్పి నీళ్లలో వేస్తే మళ్లీ తేలుతుంది. రంగు అక్కర్లేదు, తారు అక్కర్లేదు. చిన్నదైతే ఇద్దరు మోసుకుపోతారు. సొట్టల సత్తు గిన్నెను తిట్టుకుంటూనే రోజూ పొయ్యి మీద పెట్టే ఇల్లాలికి ఈ వ్యవహారం కొత్తేమీ కాదు.

మోత బరువు సంగతి నుంచే ఒక ప్రసిద్ధమైన పడవ పుట్టింది. 1944లో అమెరికాలో గ్రమ్మన్ విమాన సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ సెలవుల్లో అడవిదారిన బరువైన కెనూను భుజాన మోసి విసిగిపోయాడు. యుద్ధవిమానాలకు వాడే రేకునే కెనూ ఆకారంలో సాగదీయవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. యుద్ధం ముగిసేసరికి విమానాల గిరాకీ పడిపోయింది. ఆ సంస్థ రేకు కెనూలు చేసి అమ్మింది.

ఇంత పలుచని రేకు ఉప్పునీళ్లలో ఎలా నిలుస్తుంది? నిజానికి అల్యూమినియం ఇనుముకన్నా చురుకైన లోహం. ఆక్సిజన్ కనబడితే ఆగదు. ఆ ఆత్రమే దానికి రక్ష. గాలి తగిలిన మరుక్షణం పైపొర ఆక్సైడుగా మారిపోతుంది. ఈ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. అయినా అది సందు లేకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, గాలిని లోపలికి పోనివ్వదు. ఇనుము తుప్పు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అది ఉబ్బి, పెచ్చులుగా ఊడి, కింది లోహాన్ని మళ్లీ గాలికి అప్పగిస్తుంది. అల్యూమినియాన్ని గోరుతో గీకినా, రాతితో రాకినా, గీత పడ్డచోట క్షణాల్లో కొత్త పొర మొలుస్తుంది. సత్తు గిన్నెను పీచుతో తోమినప్పుడల్లా జరిగేదీ ఇదే.

ఉప్పులోని క్లోరైడు ఈ పొరను అక్కడక్కడ పొడిచి గుంటలు చేస్తుంది. అందుకే సముద్రానికి వెళ్లే పడవలకు వంటగిన్నెల రేకు పనికిరాదు. 4 నుంచి 5 శాతం దాకా మెగ్నీషియం కలిపిన 5083 వంటి మిశ్రమాలు వాడతారు. అంతకన్నా పెద్ద ప్రమాదం పక్కింటి లోహంతో వస్తుంది. ఉప్పునీళ్లలో అల్యూమినియానికి రాగినో, రాగి కలిసిన కంచునో తగిలిస్తే అది బ్యాటరీ అయి కూర్చుంటుంది. రెండు లోహాల్లో చురుకైనది కరిగిపోతుంది, రెండోది చెక్కుచెదరదు.

ఈ పాఠాన్ని ఒక రాజసమైన పడవ డబ్బు పోసి నేర్పింది. 1895లో అమెరికాస్ కప్ పందెం కోసం నథానియల్ హెరెషాఫ్ ‘డిఫెండర్’ అనే పడవను కట్టాడు. నీళ్ల కింది భాగానికి కంచు రేకు, నీళ్ల పైభాగానికి బరువు తగ్గించే అల్యూమినియం, లోపల ఉక్కు ఎముకలు. మూడు లోహాలు, చుట్టూ ఉప్పునీళ్లు. ఇంతకన్నా మంచి బ్యాటరీని ప్రయోగశాలలోనూ అమర్చలేరు. పడవ పందెం గెలిచింది. ఆ తర్వాత అల్యూమినియం తన దారిన తాను తినేసుకుపోయింది. 1901లో పడవను విప్పి పాత సామానుగా అమ్మేశారు.

హెరెషాఫ్ పేరు ఇక్కడ రావడానికి ఇంకో కారణం ఉంది. 1876లో ఆయన ‘అమరిల్లిస్’ అనే జంట పొట్టల పడవను కట్టి న్యూయార్క్ పందెంలో అందరినీ వెనక్కి నెట్టాడు. అలాంటి పడవలను ఇప్పుడు ఇంగ్లీషులో కటమరాన్ అంటారు. ఆ మాట పుట్టిల్లు కోరమండల్ తీరం. తమిళంలో కట్టు అంటే కట్టడం, మరం అంటే మాను. విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ మాటను ఇంగ్లీషు పాఠకులకు చూపించాడు. తాడుతో కట్టిన మానులే అయిన కట్టుమరానికి రెండు పొట్టలు లేవు, నిజానికి ఒక్కటీ లేదు. పేరు మాత్రం సముద్రాలు దాటి ఇంకో పడవకు అతుక్కుంది.

అసలు కట్టుమరం ఇల్లు పుదుచ్చేరి ఊరి ఉత్తరపు చివర, కురుచికుప్పం లాంటి చోట. ఆ తీరంలో కుప్పం అంటే జాలరిపల్లె. ఇదే పడవను ఆంధ్ర తీరంలో తెప్ప అంటారు. పూరీ ఒడ్డున స్థిరపడ్డ తెలుగు జాలరులు కూడా ఆ మాటనే మోసుకెళ్లారు. ఈ పడవ పనిచేసే తీరు సత్తు పడవకు నేరుగా ఎదురు. సత్తు పడవ తేలేది లోహం వల్ల కాదు, లోపల ఉన్న గాలి వల్ల. అల్యూమినియం నీటికన్నా 2.7 రెట్లు బరువు. అదే రేకును చదునుగా నీళ్లలో పెడితే మునుగుతుంది. గిన్నెగా వంచితే తేలుతుంది. గిన్నెలోకి అల దూకిందంటే మళ్లీ మునుగుతుంది. అందుకే బల్లల కింద నురుగు దిమ్మలు కూరుతారు.

కట్టుమరంలోకి నీళ్లు రావడం అనే ప్రశ్నే లేదు. వచ్చిన నీళ్లు మానుల సందుల్లోంచి వచ్చినదారినే పోతాయి. తేలేది కర్రే. ఒక లెక్క చూడవచ్చు. తేలిక జాతి కర్ర ఘనమీటరుకు 350 కిలోలు అనుకుందాం. ఘనమీటరు సముద్రపు నీరు 1,025 కిలోలు. మానులన్నీ కలిపి ఒక ఘనమీటరైతే మోయగల బరువు 675 కిలోలు. అరవై కిలోల మనుషులు ముగ్గురెక్కితే వలకూ చేపలకూ ఇంకా దాదాపు 500 మిగులుతుంది. అయితే కర్ర నీళ్లు తాగుతుంది. 150 కిలోల నీళ్లు పీల్చుకుంటే 675 కాస్తా 525 అవుతుంది. కట్టుమరం తెలివంతా ఇక్కడే ఉంది. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పేస్తారు. మానులు విడివిడిగా ఇసుక మీద ఎండుతాయి, మళ్లీ వేటకు వెళ్లేముందు కడతారు. ప్రతి వేట తర్వాతా విప్పి ఆరబెట్టే పడవ ఇంకొకటి చూపించడం కష్టం. మేకు లేదు, లోహం లేదు. డిఫెండర్‌ను తిన్న బ్యాటరీకి ఇక్కడ తినడానికేమీ దొరకదు.

తీరాన విరిగే అలకు కూడా ఈ కట్టే జవాబు. గట్టిగా బిగించిన పెట్టెను అల ఎత్తి ఇసుక మీద కొడితే అతుకులు చిట్లుతాయి. తాడుతో కట్టిన మానులు కొద్దిగా కదిలి ఆ దెబ్బను పంచుకుంటాయి. పాత పుదుచ్చేరిలో ఓడల నుంచి సరుకు దించిన మసూలా పడవలకూ ఇదే సూత్రం. వాటి పలకలను మేకులతో కొట్టేవారు కాదు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఫ్రెంచివాళ్లు వాటిని ‘షెలాంగ్’ అనేవారు.

ఇంత మంచి పడవ ఎందుకు తగ్గిపోయింది? మంచి మానులు దూరపు అడవుల నుంచి రావాలి, ధర పెరిగింది. రెండో కారణం ఇంజను. చెన్నై కేంద్రంగా 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అనే చేపలవేట పథకం ఇసుకమీదికి నేరుగా ఎక్కే మరపడవల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఇంజనున్న పడవకు ఇసుక దగ్గర చిక్కు, నీటిని నెట్టే పంకా. లోతు తగ్గగానే అది నేలను కొట్టుకుంటుంది. ఆ పథకం ఇంజనీర్లు ఇంజనునూ పంకా ఇరుసునూ ఒకే పెట్టెలో అమర్చి, పెట్టె మొత్తం ఒక కీలు మీద ఊగేలా చేశారు. అడుగున ఇరుసు బయటికి వచ్చేచోట నీరు చొరబడకుండా రబ్బరు తొడుగు. ఒడ్డు దగ్గరపడ్డాక మీట నొక్కితే పంకా లేచిపోతుంది. ముచ్చటైన యంత్రం. అయినా రేవుల్లో గెలిచింది దీనికన్నా మోటుది: పొడుగాటి ఇరుసున్న లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజను. పిడిని కిందికి అదిమితే చాలు, తోక పైకి లేస్తుంది.

ఆ ఇంజను కూర్చోడానికి ఫైబర్‌గ్లాసు పడవ వచ్చింది. చిన్నది, తేలికైనది, జోరుగా పోయేది. కోరమండల్ రేవుల్లో దానికి ‘మారుతి’ అనే పేరు పడింది. సముద్రం దాటిన హనుమంతుడి తలపు అని తెలుగువాడికి అనిపించవచ్చు గానీ, ఆ రోజుల్లో రోడ్డెక్కిన చిన్న కారు పేరే అది. అల్యూమినియం ఈ పోటీలో నిలవలేదు. దాన్ని కాపాడే పొరే మరమ్మతుకు అడ్డం. లోహం 660 డిగ్రీలకు కరుగుతుంది. పైనున్న ఆక్సైడు కరగాలంటే 2,000 దాటాలి. మామూలు వెల్డరు మంట పెడితే పొర అలాగే ఉంటుంది, కింద లోహం జారిపోతుంది. ఆర్గాన్ వాయువు కప్పి, కరెంటుతో పొరను చెదరగొట్టే యంత్రం కావాలి. ఫైబరుకు చిల్లు పడితే రెజిను డబ్బా, గాజు గుడ్డ, ఒక పూట ఎండ చాలు. ఆ పని ఒడ్డునే అయిపోతుంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయంగా వచ్చిన పడవల్లో ఎక్కువ ఫైబరువే. కట్టుమరాలు చకచకా తగ్గాయి. కురుచికుప్పంలో ఈలోగా ఇసుకే తగ్గిపోయింది. ఊరికి దక్షిణాన రేవు కోసం 1980లలో కట్టిన రాతిగట్లు ఉత్తరానికి సాగే ఇసుకను ఆపేశాయి. కోత ఆపడానికి తీరం పొడుగునా బండరాళ్లు పోశారు. మానులు ఆరబెట్టడానికి ఇసుక కావాలి, రాళ్ల మీద కుదరదు. 2018లో బీచ్ రోడ్డు ఎదుట సముద్రంలో ముంచిన ఉక్కు దిబ్బ వల్ల ఆ దగ్గర కొంత ఇసుక తిరిగి చేరింది.

పడవల్లో ఇప్పుడు ఫైబరుతో పోతపోసిన ఒక రకం ఉంది. పైన చదును, లోపల నురుగు, మీదికి వచ్చిన నీళ్లు అటూ ఇటూ జారిపోతాయి. అందులో మానూ లేదు, కట్టిన తాడూ లేదు. ఆంధ్రలో దాన్ని ఫైబర్ తెప్ప అంటారు, తమిళ తీరంలో ఫైబర్ కట్టుమరం అంటారు.