వస్తున్నానని ఒక్క మాట

అటుకులు కొంగున ముడుచుకుని ద్వారకకు వెళుతున్న కుచేలుడికి పోతన పెట్టిన దిగులు చిత్రమైనది. కృష్ణుడు తనను ఎందుకు పట్టించుకోడన్న ధీమా అతనికి ఉంది. కావలివాళ్లు ఎక్కడి బ్రాహ్మడివని అడ్డుకుంటే ఎలా, చేయి తడుపుదామంటే డబ్బేదీ అన్నదే బెంగ. ఇప్పటి హైదరాబాద్‌లో ఆ గండం పెద్దది కాదు. గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, ఫ్లాటు నంబరు, ఫోన్ నంబరు రాస్తే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో ఒక ముక్క అడిగి పంపించేస్తాడు. మనల్ని ఆపేది మన మొహమాటం. పాత స్నేహితుడు ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అంటాడేమో, ఏ అవసరం మీద వచ్చాడో అనుకుంటాడేమో అని సికింద్రాబాద్‌లో దిగినవాళ్లు పని చూసుకుని రాత్రి బండికే తిరుగుముఖం పడతారు.

ఈ లెక్క తప్పని పరిశోధనలు చెబుతున్నాయి. 2022లో పెగ్గీ లియూ బృందం చూసిందేమంటే, చాన్నాళ్లకు పలకరిస్తే అవతలివాళ్లు మనం ఊహించినదానికన్నా ఎక్కువ సంతోషిస్తారు. అనుకోని పలకరింపైతే మరీను. 2024లో లారా అక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రామ్ ప్రచురించిన ఫలితం ఇంకా విడ్డూరం. పలకరించాలని ఉండి, నంబరు దగ్గరుండి, రాయడానికి సమయం కూడా ఇచ్చినా పాత స్నేహితుడికి మెసేజ్ పంపినవాళ్లు మూడో వంతుకు లోపే. ముందుగా ఇప్పటి స్నేహితులకు కొన్ని మెసేజ్‌లు పంపించి చేయి అలవాటు చేశాక ఆ సంఖ్య బాగా పెరిగింది.

మెసేజ్ వేరు, సంచీతో గుమ్మంలో దిగడం వేరు కదా అనవచ్చు. నిజమే. కుచేలుడు చెప్పకుండా వెళ్లినా చెల్లింది, అక్కడ పరిచర్యకు అంతఃపురమే ఉంది. రెండు గదుల అద్దె ఇంట్లో, పిల్లల పరీక్షల మధ్య, అదే పని చేస్తే స్నేహితుడి భార్యకు తలనొప్పి. కాబట్టి ఆశ్చర్యమేదో మెసేజ్‌తోనే ఇవ్వాలి. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు మనల్ని లెక్కచేస్తాడా అంటే, చేయనివాళ్లూ ఉంటారు. ఆ సంగతీ మెసేజ్‌తోనే తేలిపోతుంది, చార్జీలు మిగులుతాయి. రమ్మంటే ఇంటికే వెళ్లనక్కర్లేదు. సికింద్రాబాద్ స్టేషన్ పక్క నుంచి వచ్చే మెట్రో, హైటెక్ సిటీ వెళ్లే మెట్రో ఒకటే లైను, నడుమ అమీర్‌పేట. అతని ఆఫీసు హైటెక్ సిటీ వైపైతే, అది వదిలాక అతను ఇటు, మనం అటు వస్తే టిఫిన్ దగ్గర గంట కూర్చోవచ్చు. అతని షిఫ్టు ఎప్పుడో మాత్రం ముందే కనుక్కోవాలి.