పాత కారు కొనే ముందు ఇంజన్ వేడి చూడండి

ఉద్యోగం రాగానే చీటీ డబ్బుతో పాత మారుతి 800 కొనాలనుకునే అన్నలు, తమ్ముళ్లు మనలో చాలామందే ఉన్నారు. 2014లో తయారీ ఆగిపోయిన బండి. దొరికేవన్నీ పదేళ్లు దాటినవే.

ఇంజన్ వేడెక్కుతోందనగానే రేడియేటర్ మార్పించమంటారు. మేమైతే ముందు ఎప్పుడు వేడెక్కుతోందో చూడమంటాం. ట్రాఫిక్‌లో ముల్లు పైకెక్కి, బండి వేగం అందుకోగానే దిగితే ఫ్యాన్‌ను అనుమానించాలి. ఫ్యూజు, స్విచ్, వైరు చూపిస్తే తక్కువ ఖర్చుతో పోవచ్చు. వేగంగా పోతున్నా, ఘాట్ ఎక్కుతున్నా వేడెక్కితే రేడియేటర్ లోపల తుప్పు పేరుకుని ఉండొచ్చు, వాటర్ పంపు అరిగి ఉండొచ్చు. ఇంజన్ కాగిపోతున్నా రేడియేటర్ కింది గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో చూపించాలి.

అసలు భయపడాల్సింది హెడ్ గ్యాస్కెట్‌కే. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతున్నా, ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తున్నా బేరం ఆపి మెకానిక్‌ను పిలవండి. "నీళ్లు పోస్తే చాలు" అని అమ్మేవాడు అంటాడు. అప్పు తీర్చాల్సింది మాత్రం మనమే కదా!

బండి చూడటానికి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా వెళ్లండి. రేడియేటర్ మూత అప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.