ప్రతి అగ్నిప్రమాదానికీ షార్ట్ సర్క్యూటే కారణమా?

విశాఖపట్నం: వాణిజ్య సముదాయాలలో అగ్నిప్రమాదం సంభవించిన వెంటనే ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు’ అన్న వాక్యం ప్రకటనలలోను, వార్తలలోను చోటుచేసుకోవడం పరిపాటి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వినియోగించిన ఒక హోటల్‌లో 10 మందిని బలిగొన్న ప్రమాదంలోను తొలినాడు వినిపించిన మాట ఇదే. వాస్తవానికి విద్యుత్ సంబంధిత అగ్నిప్రమాదాలకు షార్ట్ సర్క్యూట్ ఒక కారణం మాత్రమే. కారణాన్ని తప్పుగా గుర్తిస్తే నివారణ చర్యలూ దారి తప్పుతాయి. ఈ దృష్ట్యా విద్యుత్ వలయం ప్రాథమిక సూత్రాలను పాత్రికేయులు, అధికారుల అవగాహన నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

వలయం అంటే ఏమిటి?

దుకాణాలు, కార్యాలయాలు, శిక్షణ సంస్థలతో రద్దీగా ఉండే ద్వారకా నగర్‌లోని ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఫేజ్ తీగ, పరికరం, న్యూట్రల్ తీగ, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఒక సంపూర్ణ మార్గంగా ఏర్పడినప్పుడే విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ మార్గమే వలయం. స్విచ్ ఆపడమంటే దానిని ఒకచోట తెంచడమే. విద్యుత్తును నెట్టే ఒత్తిడి వోల్టేజి కాగా, ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకి నిరోధం. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. 230 వోల్టుల సరఫరాపై 46 ఓమ్‌ల నిరోధం గల హీటరు 5 ఆంపియర్లు తీసుకుంటుంది.

మూడు వేర్వేరు కారణాలు

1. షార్ట్ సర్క్యూట్: ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్, న్యూట్రల్ తీగలు నేరుగా కలిస్తే నిరోధం దాదాపు శూన్యమై, వందల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహిస్తాయి. సక్రమమైన ఎం.సి.బి. ఉన్నట్లయితే అది క్షణంలోపే సరఫరాను నిలిపివేస్తుంది.

2. అధిక భారం: భవనంలోని పరికరాలన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి. కనుక ఒక్కొక్క పరికరం చేరినకొద్దీ మొత్తం ప్రవాహం పెరుగుతుంది. 16 ఆంపియర్లకు ఉద్దేశించిన తీగపై 7 ఆంపియర్ల ఎయిర్ కండిషనర్లు నాలుగు నడిపితే 28 ఆంపియర్లవుతుంది. ప్రవాహం రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. తరచూ పోతున్న ఫ్యూజుకు బదులు మందమైన తీగ చుట్టడమంటే కాపలాదారును తొలగించడమే.

3. వదులైన అతుకు: స్క్రూ సడలినచోట, సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టినచోట నిరోధం పెరుగుతుంది. అర ఓమ్ నిరోధం గల అతుకు గుండా 10 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ చిన్న బిందువు వద్దే 50 వాట్ల వేడి పుడుతుంది. ప్రవాహం పరిమితి దాటదు కనుక ఎం.సి.బి. దీనిని పసిగట్టలేదు.

ఫలితాన్ని కారణంగా భావించరాదు

మరొక కారణంతో చెలరేగిన మంటల వేడికి ఇన్సులేషన్ కాలిపోయి తీగలు కలిసినా షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. అప్పుడది ప్రమాదానికి ఫలితమే గాని కారణం కాదు. కరిగిన తీగ కనిపించినంత మాత్రాన నిర్ధారణకు రావడం సరికాదు.

విద్యుత్ చట్టం, 2003లోని 161వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టం లేదా గాయాలకు దారితీసిన విద్యుత్ ప్రమాదాలను విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయవలసి ఉంటుంది. అట్టి ప్రమాదాలపై విచారణకు ప్రభుత్వం ఆదేశించవచ్చును.

నివేదిక అందేవరకు ‘కారణం విచారణలో ఉన్నది’ అని పేర్కొనడం సముచితం. ఈలోగా మూడు ప్రశ్నలు అడగవచ్చును. ఎం.సి.బి. పడిపోయిందా? ఏ తీగపై ఎంత భారం ఉన్నది? మంట మొదలైన చోట అతుకు ఉన్నదా? వీటికి లభించే సమాధానాలే మరో భవనాన్ని ప్రమాదం నుంచి కాపాడగలవు.