అక్వేరియం పంపు శబ్దం

అక్వేరియం పంపు శబ్దం అనగా ఇళ్ళలో చేపలను పెంచే గాజు తొట్టికి గాలిని లేదా నీటి ప్రవాహాన్ని అందించే చిన్న విద్యుత్ పంపు నుండి వెలువడే ధ్వని. ఇది సాధారణంగా ఎడతెగని రొదగా వినిపిస్తుంది. నిద్రకు భంగం కలుగుతున్నదని చాలామంది రాత్రిపూట పంపును ఆపివేస్తారు. దీనివలన చేపల ప్రాణానికి ముప్పు కలుగవచ్చు. పంపును ఆపకుండానే, శబ్దానికి కారణాన్ని గుర్తించి తగ్గించే సులభమైన పద్ధతులు కలవు.

రాత్రి పంపు ఆవశ్యకత

నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ పరిమాణం తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గరిష్ఠంగా సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఇది సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. విజయనగరం జిల్లాలోని గరివిడి వంటి ఊళ్ళలో వేసవి రాత్రులు కూడా వేడిగా ఉంటాయి కనుక తొట్టిలో ఆక్సిజన్ నిల్వ సహజంగానే తక్కువ.

తొట్టిలో మొక్కలు ఉన్నట్లయితే అవి పగలు ఆక్సిజన్‌ను విడుదల చేసినా, రాత్రి చేపలతో పాటు తామూ దానిని వినియోగించుకుంటాయి. అందువలన తెల్లవారుజామున ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. కోస్తా ఆంధ్రలో చేపలు, రొయ్యల చెరువుల రైతులు రాత్రివేళ ఏరియేటర్లను తిప్పేది ఇందుకే. చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటే ఆక్సిజన్ చాలడం లేదని అనుమానించవలెను. చేపల విసర్జితాల నుండి వచ్చే విషపూరితమైన అమ్మోనియాను మార్చివేసే బాక్టీరియా ఫిల్టరులో నివసిస్తుంది. ఫిల్టరు గంటల తరబడి ఆగితే ఆ బాక్టీరియాకు కూడా ఆక్సిజన్ అందదు.

శబ్దానికి కారణాలు

గాలి పంపులో ఒక విద్యుదయస్కాంతం, దాని ఎదుట కదిలే చేతికి అమర్చిన శాశ్వత అయస్కాంతం ఉంటాయి. భారతదేశంలో ఇళ్ళకు సరఫరా అయ్యే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. కనుక ఆ చేయి సెకనుకు 50 సార్లు అటూ ఇటూ కదిలి, రబ్బరు పొర ద్వారా గాలిని నెడుతుంది. ఈ కంపనమే శబ్దానికి మూలం.

అయితే పంపు నేరుగా చేసే శబ్దం కంటే, దానిని ఉంచిన బల్ల చేసే శబ్దమే తరచుగా ఎక్కువ. ఇదే జిల్లాకు చెందిన బొబ్బిలి వీణను ఉదాహరణగా చెప్పవచ్చు. తీగ ఒక్కటే మీటితే ధ్వని స్వల్పంగా ఉంటుంది. చెక్కతో చేసిన కుండ ఆ కంపనాన్ని అందుకున్నప్పుడే అది గది నిండా వినిపిస్తుంది. చెక్క బల్ల, తలుపుల అలమర, తొట్టి అద్దం కూడా పంపు కంపనాన్ని ఇదే విధంగా పెంచుతాయి.

నీటిలో మునిగి ఉండే పంపులో శబ్దానికి కారణాలు వేరు. లోపల తిరిగే చక్రానికి నాచు, సున్నపు పొర పట్టడం, ఇరుసు అరిగిపోవడం, నీటిమట్టం తగ్గి పంపు గాలిని పీల్చడం వీటిలో ముఖ్యమైనవి.

కారణాన్ని గుర్తించుట

పొడి చేతులతో గాలి పంపును బల్లపై నుండి కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోవలెను. శబ్దం బాగా తగ్గితే లోపం అమరికలో ఉన్నట్లు. తగ్గకపోతే లోపం పంపులోనే ఉన్నట్లు.

తగ్గించే పద్ధతులు

* పంపును మందపాటి స్పాంజి లేదా మెత్తని రబ్బరుపై ఉంచవలెను. గోడకు, అద్దానికి తగలకుండా తాడుతో వేలాడదీయవచ్చును.
* గొట్టాలు బల్లకు, మూతకు తగిలి అదరకుండా చూడవలెను.
* గాలి రాయి రంధ్రాలు పూడుకుపోతే పంపుపై ఒత్తిడి పెరిగి శబ్దం హెచ్చుతుంది. అటువంటి రాయిని మార్చవలెను.
* పంపు అడుగున గాలి లోపలికి వెళ్ళే చోట దుమ్ము లేకుండా శుభ్రపరచవలెను.
* గాలి తగ్గి శబ్దం పెరిగితే రబ్బరు పొర చిరిగి ఉండవచ్చు. పొరను మార్చితే సరిపోతుంది.
* మునిగి ఉండే పంపు చక్రాన్ని బయటకు తీసి మెత్తని బ్రష్షుతో కడగవలెను. సున్నపు పొరను వెనిగర్‌లో నానబెట్టి తొలగించి, మంచినీటితో బాగా కడగవలెను.
* ఫిల్టరు నుండి పడే నీటి చప్పుడు తగ్గాలంటే తొట్టిలో నీటిమట్టం పెంచవలెను.

జాగ్రత్తలు

పంపును గాలి ఆడని పెట్టెలో మూసి ఉంచరాదు. అది వేడెక్కి పాడవుతుంది. విద్యుత్తు పోయినప్పుడు తొట్టి నీరు గొట్టం ద్వారా వెనుకకు వచ్చే అవకాశం కలదు. అందుచేత గాలి పంపును నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచవలెను లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వు అమర్చవలెను. నీటిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయుట తప్పనిసరి.

ధ్వని ప్రమాణాలు

భారత ప్రభుత్వ 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు పరిమితి 45 డెసిబెల్స్. ఇది ఆరుబయటి పరిసరాలకు సంబంధించినది. పడకగదిలో ఎడతెగని ధ్వని 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. హౌరా-చెన్నై రైలు మార్గంపై ఉన్న గరివిడిలో పగటి చప్పుళ్ళ నడుమ వినిపించని పంపు, రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా వినిపించడం సహజమే. అందుచేత సవరణలు చేసిన పిదప ఫలితాన్ని రాత్రివేళ పరీక్షించుట మేలు.

ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* శబ్ద కాలుష్యం
* బొబ్బిలి వీణ