విషం పేరు అక్కడికక్కడే!

అనకాపల్లి: అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఓ వస్త్ర పరిశ్రమలో 2022 జూన్ 3న విషవాయువు పీల్చి మహిళా కార్మికులు పెద్దసంఖ్యలో అస్వస్థతకు గురయ్యారు. తొలుత అమ్మోనియాగా అనుమానించారు. నమూనాలను హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ(ఐఐసీటీ)లో పరీక్షించగా క్లోరిపైరిఫాస్ ఉన్నట్లు తేలింది. వరి రైతులు ఎరిగిన పురుగుమందే అది. ఈ తేడా చిన్నది కాదు. అమ్మోనియా కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది. క్లోరిపైరిఫాస్ నాడీ వ్యవస్థను దెబ్బతీస్తుంది, విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. విషం పేరు ముందే తెలిస్తే వైద్యులు లక్షణాలను బట్టి ఊహించవలసిన పని తగ్గుతుంది. ఆ పేరును ఘటనాస్థలిలోనే చెప్పేందుకు రూపొందినవి, వెంట తీసుకెళ్లగల మాస్ స్పెక్ట్రోమీటర్లు.

అణువులకు తూకం

ఈ పరికరం చేసేది ఒక విధంగా తూకమే. అణువులకు విద్యుదావేశం కల్పించి, విద్యుత్ క్షేత్రంలో బంధించి, బరువుల వారీగా బయటకు వదులుతూ లెక్కిస్తుంది. అమ్మోనియా అణుభారం 17, క్లోరిపైరిఫాస్‌ది సుమారు 350. ఒకే బరువు గల రెండు పదార్థాలు ఎదురైతే అణువును ముక్కలు చేసి, ఆ ముక్కలనూ తూచవచ్చు.

చిక్కంతా శూన్యంతోనే. ఆవేశం పొందిన అణువులు దారిలో గాలిని ఢీకొనకుండా ఉండాలంటే లోపల గాలి దాదాపు ఉండరాదు. అందుకు కావలసిన బరువైన పంపుల వల్లే ఈ యంత్రం చాలాకాలం ప్రయోగశాల దాటలేదు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం, కొంత గాలి మిగిలినా పనిచేసే 'అయాన్ బోను'ను వాడి 2006లో 'మినీ 10'ను వెల్లడించింది. బరువు 10 కిలోలు. వాడే విద్యుత్తు 75 వాట్లలోపు, ఇంట్లో పాత సీలింగ్ ఫ్యానుకు అయ్యేంతే. ఇదే బృందం 2004లో ప్రకటించిన 'డెసీ' పద్ధతిలో ఆవేశిత ద్రావకాన్ని సంచిపైనో, బట్టపైనో తుంపరగా చల్లుతారు. అంటుకున్న ఆర్‌డీఎక్స్, టీఎన్‌టీ జాడలు అక్కడినుంచి లేచి యంత్రంలోకి చేరతాయి.

విమానాశ్రయాల్లో సంచులు తుడిచిన గుడ్డముక్కను పరీక్షించే పెట్టెలు చాలావరకు వేరు. అవి గాలిలోనే అయాన్ల వేగాన్ని కొలుస్తాయి. శూన్యం అక్కరలేదు కనుక చౌక. కాకపోతే వేగం కలిసిన మామూలు పదార్థానికీ గంట మోగిస్తాయి.

చిన్న యంత్రానికీ హద్దులున్నాయి. తన జాబితాలో లేని పదార్థాన్ని గుర్తించడం దానికి కష్టం. క్లోరిపైరిఫాస్ వంటివి తేలికగా ఆవిరి కావు. వాటిని గాలిలో వెతకడంకన్నా గోడలు, ఏసీ గొట్టాలను తుడిచి చూడటమే మేలు. అందుకు శిక్షణ పొందిన మనిషి పరికరంతోపాటే అక్కడికి చేరాలి.